కొలత గౌను

కాటా మీద అంకె చూసి అక్క కిందికి దిగింది. చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కింది. అదే అంకె.

"తొమ్మిది కిలోలు పెరిగారు," అంది నర్సు ఫైలు తిరగేస్తూ. "ఆపరేషనై రెండేళ్ళు. పోయినేడాది అసలు చూపించుకోనే లేదు."

"మీ కాటా చెడిపోయింది."

నర్సు తనే ఎక్కి చూపించింది. "నేను నిన్న ఎంత ఉన్నానో అంతే ఉన్నాను. మధ్య మధ్యలో ఏమైనా నోట్లో వేసుకుంటున్నారా?"

"పొట్టంతా కోసి పిడికెడు మిగిల్చారు. అందులో ఏం పడుతుందని?"

పక్కన నిలబడ్డ చెల్లెలు తల దించుకుంది.

"ఆ పిడికెడూ సాగుతుందమ్మా. మళ్ళీ కత్తి పెట్టడం అంత తేలిక కాదు."

"నా కొలత గౌను నాకు అతికినట్టు సరిపోతోంది. మొన్న ఆదివారం కూడా వేసుకున్నాను. మా చెల్లెల్ని అడగండి."

"సరిపోతోంది," అంది చెల్లెలు మెల్లగా.

"అయితే బుధవారం ఆ గౌను వేసుకునే రండి. చూద్దాం."

ఆ గౌను సంగతి నర్సుకి తెలుసు. సలహా ఆమెదే. ఆపరేషనైన కొత్తలో అక్క రోజుకి పదిసార్లు కాటా ఎక్కేది. పావుకిలో పెరిగితే అన్నం మానేసి ఏడ్చేది. కాటా అవతల పారేసి, సాగని గుడ్డతో ఒక గౌను కుట్టుకోమంది నర్సు. నెలకోసారి వేసుకుంటే చాలు, ఒళ్ళు ఎటు పోతోందో అదే చెబుతుందంది.

అక్కాచెల్లెళ్ళకి అదెంత పని? పద్దెనిమిదేళ్ళుగా అక్క ఇంట్లో ఒకే గదిలో ఎదురెదురు మిషన్లు వాళ్ళవి. అక్క కత్తిరించింది, చెల్లెలు కుట్టింది. దర్జీల అలవాటు కొద్దీ రెండు పక్కలా రెండేసి అంగుళాల గుడ్డ లోపల వదిలారు. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం అక్క ఆ నీలం గౌను తొడుక్కునేది. చెల్లెలు వెనక జిప్పు పెట్టేది. అక్క భర్త కుర్చీలోంచి లేచి, "ఎవరండీ ఈ అమ్మాయి, మా ఆవిడ ఎక్కడ?" అని వెతికేవాడు.

బడిలో వాళ్ళిద్దర్నీ కలిపి 'పది' అనేవారు. సన్నగా చెల్లెలు ఒకటి, గుండ్రంగా అక్క సున్నా. ఆపరేషనయ్యాక అక్కే నవ్వుతూ అంది, "ఇకనుంచి మనం పదకొండే."

మొదటి నెలంతా చెల్లెలే చూసుకుంది. వడగట్టిన సూప్ గడియారం చూస్తూ అయిదు నిమిషాలకో చెంచా పట్టింది. దువ్వెనకి ఊడొచ్చిన జుట్టు అక్క కంటపడకుండా ఉండచుట్టి కొంగులో దాచింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం, బుధవారానికి ఇస్త్రీ చేద్దామని భర్త గౌను తిరగేశాడు.

"ఇదేంటే, పక్కలన్నీ జల్లెడలా ఉన్నాయి?"

విప్పేసిన కుట్ల తాలూకు సూది చిల్లులు. ఒక వరుస కాదు, నాలుగు వరుసలు. నాలుగుసార్లు ఎవరో కొంచెం కొంచెంగా వదులు చేశారు.

గదిలో రెండు మిషన్లూ ఆగిపోయాయి.

అక్క గౌను వంక చూసింది. భర్త వంక చూసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో మిషన్ ఎక్కేది మనిద్దరమే," అంది.

"అక్కా..."

"సున్నా సున్నాలాగే ఉండాలి. అంతేగా నీకు? కుట్టించుకోడానికొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను చూసి, 'ఈవిడ చెల్లెలా?' అని అడుగుతుంటే భరించలేకపోయావు."

"అంత మాట అనకే," అన్నాడు భర్త.

"ఎందుకనను? పొట్ట కోయించుకున్నాను. నా ఒళ్ళు నేను నమ్మలేకే ఆ గౌన్ని నమ్మాను. ఆ జిప్పు పెట్టే చేతుల్ని నమ్మాను. నవ్వుతూ నా గొంతు కోసింది మీ మరదలు."

చెల్లెలు గౌను అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు కుట్టు ముగించి ముడి వేస్తుంది. అక్క వెనక్కి నాలుగు కుట్లు వేసి తెంపుతుంది. బయటివాళ్ళకి ఆ తేడా తెలియదు. చెల్లెలు కుట్టు చివర బొటనవేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"మాట్లాడవేం?" అంది అక్క.

"మాట్లాడేందుకేముందక్కా."

"నువ్వేనా?" అన్నాడు భర్త నమ్మలేనట్టు.

"అక్క చెబుతోందిగా బావా."

ఆమె గౌను మడిచి అక్క మిషన్ మీద పెట్టింది. తన కత్తెర, టేపు సంచిలో వేసుకుంది. మిషన్ మీద గుడ్డ కప్పింది, దుమ్ము పడకుండా. గుమ్మం దగ్గర ఆగింది, అక్క పిలుస్తుందేమోనని. అక్క గోడవైపు తిరిగి ఉంది.

"నీ విటమిన్ మాత్రలు అయిపోవచ్చాయి. తెప్పించుకో," అని మెట్లు దిగింది.

"చీకటి పడుతోంది, నేను దింపొస్తాను," అంటూ భర్త బండి తాళాలు తీసుకుని ఆమె వెనకే వెళ్ళాడు.

బండి చప్పుడు వీధి మలుపు దాటాక అక్క తలుపు గడియ వేసి, బొత్తాల డబ్బా అడుగునుంచి బ్లేడు ముక్క తీసి, గౌను తిరగేసి, బుధవారానికి కావలసిన ఆఖరి అర అంగుళం కోసం కుట్టు విప్పడం మొదలుపెట్టింది.