మూడో పాఠం

“వచ్చే వారం నుంచి మీ అమ్మాయిని తీసుకురాకండి,” అంది సంగీతం టీచరు. “ఇంట్లో కీబోర్డు ముట్టుకోని పిల్లకి నేనేం నేర్పను? ఆ సీటు కోసం ఇంకొకళ్లు ఎదురుచూస్తున్నారు.”

లిఫ్ట్ మెకానిక్ అయిన ఆ తండ్రి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పనిలోంచి నేరుగా వచ్చాడేమో, చేతులకి ఇంకా గ్రీజు మరకలున్నాయి. ఆ చేత్తోనే ఏడేళ్ల కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. గౌను పాడవుతుందన్న ధ్యాస కూడా లేదు.

“ముట్టుకోకపోవడమేంటండీ! ఈ సీటు కోసం మేమూ ఎనిమిది నెలలు ఎదురుచూశాం. రోజూ సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే ఏడింటిదాకా లేవదు. నా చెవులతో నేను వింటున్నాను.”

“పక్కన మీరే కూర్చుంటున్నారా?”

“నేను కూర్చుంటే బెదిరిపోతోందని మా అమ్మ కూర్చుంటోంది. తలుపేసుకుంటారు. అయితే ఏం? గుమ్మం బయటే ఉంటాను కదా! లిఫ్టులో ఏ భాగం చెడిందో చప్పుడు విని చెప్పేవాణ్ణి, కన్నకూతురు ఎలా వాయిస్తోందో తెలీదా? మొదట్లో అడుగడుక్కీ తడబడేది. మధ్యలో పది రోజులు ఎంత కుస్తీ పట్టినా మూడో పాఠం లొంగలేదు. ఎక్కడ మానేస్తుందోనని నా గుండె పీచుపీచుమనేది. తలుపు ఇవతల్నుంచే ‘శభాష్, ఇంకొక్కసారి’ అని అరిచేవాణ్ణి. పోయిన వారం గడగడా వచ్చేసింది!”

బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులు మెడలు సాచి లోపలికి చూశారు. తగవు ఉచితంగా దొరికితే ఎవరు వదులుకుంటారు?

టీచరు కుర్చీ పక్కకి జరిపింది. “ఏదీ, ఆ మూడో పాఠం వాయించమ్మా.”

పిల్ల వాయించింది. వాయించడమంటే, ఒక మెట్టు నొక్కి, రెండోది ఎక్కడుందా అని వెతుక్కుంది. మూడోది అసలు దొరకనే లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

ఇంకొకడైతే సిగ్గుతో బయటపడేవాడే. ఇతను ఆ రకం కాదు.

“చూశారా, ఎంత బెదరగొట్టేశారో! ఇంట్లో పులి, ఇక్కడికొచ్చేసరికి పిల్లి! నేర్పడం చేతకాక నేరం పిల్ల మీదికి నెడతారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!”

“మాటలు తిన్నగా రానివ్వండి!” టీచరు గొంతు కూడా లేచింది. “ఇన్నేళ్లలో ఒక్క పిల్లనీ కసిరి ఎరగను. నమ్మకపోతే తననే అడగండి.”

“అడుగుతాను. నాకేం భయమా?” అతను కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. “చెప్పు చిట్టితల్లీ. టీచరు తిడుతోంది కదూ? కొడుతోందా? నాన్న పక్కనే ఉన్నాడు, నిజం చెప్పు.”

పిల్ల అడ్డంగా తలూపింది.

“మరి ఇంట్లో అంత బాగా వచ్చింది ఇక్కడెందుకు రాదమ్మా?”

పిల్ల చటుక్కున తలెత్తింది. ఇన్నాళ్లూ దాచుకున్న కోపమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది.

“ఇంట్లో నన్ను వాయించనిస్తే కదా! మొదటి రోజు వేళ్లు నొప్పి అన్నానని ‘ఇలా జరుగు’ అని నానమ్మ కూర్చుంది. టీచరు చెప్పిందంతా నాచేత చెప్పించుకుంటుంది. ఇంక లేవట్లేదు నాన్నా! నా వంతు ఎప్పుడని అడిగితే, ‘నీకు బోలెడంత కాలం ఉందిలే, నాకే లేదు’ అంటోంది!”