నరసింహుడికి కట్టిన తాళ్లు

"ఆ బిళ్ళలు కాలవలో పారేశాను" అని సీతారావమ్మ చెప్పగానే, రత్తయ్య చేతిలోని మజ్జిగ గ్లాసు గోడకేసి కొట్టాడు.

"పారేశావా? ఉన్నపళంగా మానేస్తే మనిషి చచ్చిపోతాడు వదినా!"

స్టీలు గ్లాసు సొట్టపోయింది. గోడ పెచ్చులూడింది. సీతారావమ్మకు ఒళ్లు మండింది.

"మరేం చెయ్యమంటావ్? మత్తుబిళ్ళలు మింగి నరసింహస్వామి మొహం తొడుక్కుంటావా? ఊరికి అరిష్టం కాదూ!"

అది డెబ్బై నాలుగు వేసవి. కూచిపూడికి దగ్గర్లోని ఆ ఊళ్లో ఏటా నరసింహ జయంతికి రైతులే వేషాలు కట్టి ప్రహ్లాద నాటకం ఆడతారు. హిరణ్యకశిపుడు సీతారావమ్మ మొగుడు తిరుపతిరావు. అతను మీసం తిప్పి గద ఎత్తాడంటే ముందు వరసలో చంటిపిల్లలు గుక్కపట్టేవాళ్లు. నరసింహుడు రత్తయ్య. ఆ కొయ్య మొహం రత్తయ్య ఇంటివాళ్లే తొడుక్కోవాలి. తాతల నాటి ఆనవాయితీ.

వేషాల పెట్టె తిరుపతిరావు ఇంట్లోనే ఉంటుంది. బట్టలు ఎండేద్దామని తీస్తే సీతారావమ్మకు అడుగున బిళ్ళల సీసా దొరికింది. "రత్తయ్యది. వాడికేదో నరాల జబ్బు. బయట అనకు" అన్నాడు మొగుడు. ఆవిడ బయట అనలేదు. నేరుగా కాలవలో కలిపింది.

రత్తయ్య తిరుపతిరావు వైపు తిరిగాడు. "అన్నయ్యా, నువ్వన్నా చెప్పు."

"పోతే పోయాయిలేరా. పండగ దాకా ఓర్చుకుంటే సరి" అని తిరుపతిరావు నవ్వాడు.

మర్నాడు రత్తయ్య బస్సెక్కి బెజవాడ వెళ్లాడు. డాక్టరు ఊళ్లో లేడు. గవర్నర్‌పేటలో మందుల షాపతను చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. రత్తయ్య అతని కాలరు పట్టి బల్ల మీదికి ఈడ్చాడు. అద్దం పగిలింది. బజారంతా కలిసి రత్తయ్యను చితకబాదింది. చొక్కా నిండా నెత్తురుతో ఊళ్లో దిగేసరికి కబురు అతనికంటే ముందే దిగి కూచుంది.

"బిళ్ళలు మానితే అంతేనట. పిచ్చి తలకెక్కుతుందట."

ఇక పాపం తిరుపతిరావు. ఆ వారమంతా అతనికి కంటి మీద కునుకు లేదు. పడుకున్న చాప చెమటతో తడిసిపోయేది. గిన్నె చప్పుడైతే అదిరిపడేవాడు. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపే వేళ్ల మధ్య నుంచి జారిపోయేది. రిహార్సల్లో మద్దెల మోగితే రెండు చెవులూ మూసుకుని కింద కూలబడ్డాడు.

"రత్తయ్యంటే భయం పట్టుకుందండీ మా ఆయనకి" అని సీతారావమ్మ నాటకం ఆడించే సంజీవరావు గారి దగ్గర ఏడ్చింది. ఏడవదూ మరి! పిచ్చెక్కినవాడి ఒళ్లో మొగుడు వెల్లకిలా పడుకోవాలి. వాడి గోళ్లేమో ఇనప రేకువి.

ఆవిడ ఇంకా అక్కడుండగానే రత్తయ్యే వచ్చి సంజీవరావు గారి కాళ్లు పట్టుకున్నాడు. "ఈ ఏడు నాటకం వద్దండీ. మనిషి దక్కడు."

"ఎందుకని?"

రత్తయ్య కాళ్లు వదిలి లేచి వెళ్లిపోయాడు.

"చూశావా, వాడికే తెలుస్తోంది" అన్నారు సంజీవరావు గారు సీతారావమ్మతో. "జయంతి ఆపితే ఊరు ఊరుకోదమ్మాయ్. వాడి నడుముకి తాళ్లు కట్టిస్తాను. నలుగురు మనుషుల్ని పెడతాను. మీ ఆయన ఒంటి మీద గోరు పడనివ్వను."

నమ్మింది పిచ్చితల్లి.

అసురసంధ్య వేళ కాగితపు స్తంభం ఫెళ్లున చీలింది. నరసింహుడు గర్జిస్తూ దూకాడు. బస్తాలు మోసే నలుగురు వెనక తాళ్లు బిగబట్టారు. తిరుపతిరావు గద ఎత్తి పద్యం అందుకున్నాడు. సగంలో మూతి వంకర పోయింది. గద జారింది. నిలువునా విరుచుకుపడ్డాడు.

రత్తయ్య ఒక్క ఉరుకున వచ్చి అతన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. తిరుపతిరావు ఒళ్లంతా విల్లులా వంగి ఎగిరెగిరి పడుతోంది. మడమలు వేదిక బల్లల మీద దడదడ కొట్టుకుంటున్నాయి.

"ఏం చేస్తున్నాడ్రా తిరుపతిరావు! నిజంగా చస్తున్నట్టే ఉంది!" జనం ఈలలేశారు. చప్పట్లు కొట్టారు.

రత్తయ్య అతన్ని పక్కకు తిప్పుతూ ఏదో అరుస్తున్నాడు. కొయ్య మొహం లోంచి గర్జన తప్ప మాట బయటికి రాలేదు. మొగుడి నోట్లోంచి నురగతో నెత్తురు కారడం సీతారావమ్మ చూసింది.

"చంపేస్తున్నాడు! లాగండ్రా!"

నలుగురూ లాగారు. రత్తయ్య వెల్లకిలా పడ్డాడు. లేచి తిరుపతిరావు వైపు పాకాడు. మళ్లీ లాగారు. ఇనప గోళ్లు బల్లల్ని చీల్చాయి. ఎవరో కర్రతో వీపు మీద వేశారు. ఇంకెవరో డొక్కలో తన్నారు. అయినా పాకుతూనే ఉన్నాడు. సీతారావమ్మ వేదిక ఎక్కి, మొగుడి గద తీసి రెండు చేతులా మొహం మీద కొట్టింది. కొయ్య పగిలింది. కింద ముక్కెముక పగిలింది.

అటు మడమల చప్పుడు ఆగింది.

"హమ్మయ్య" అన్నారు సంజీవరావు గారు.

సీతారావమ్మ మళ్లీ గద ఎత్తింది. రత్తయ్య అడ్డం చెయ్యి పెట్టలేదు. కదలని తిరుపతిరావును చూస్తూ నెత్తురు ఉమ్మేశాడు.

"ఆ బిళ్ళలు నావి కావు వదినా, అన్నయ్యవి, హిరణ్యకశిపుడికి గుండెదడంటే ఊరు నవ్వుతుందని తన మీద ఒట్టేయించుకుని నా పేరు చెప్పాడు."