అత్తయ్య తీసిన ప్యాడ్

ఈ రోజుల్లో నెలసరికి వాడిన ప్యాడే రక్తాన్ని పరీక్షించి ఫోనుకు కబురు పంపుతుంది. ఈ ఉదయం నా ఫోను, "గర్భసంచిలో అరుదైన క్యాన్సర్. త్వరగా పాకే రకం. ఇవాళే ఆసుపత్రికి రండి" అంది. కానీ పాప పుట్టాక నేనింకా బయట చేరనే లేదే! మరి నా ప్యాడ్ వాడిందెవరు? ఇంట్లో ఉన్నది అత్తయ్య. ఆమెకు నెలసరి ఆగిపోయి పదేళ్లయింది.

"మీరేనా అత్తయ్యా?"

పాపకు నూనె రాస్తున్న చేయి ఆగింది.

"మూణ్ణెల్లుగా కనపడతా ఉందే. పాత గుడ్డలతో నెట్టుకొచ్చా. ముసురుకి అవి ఆరక నిన్న నీది తీశా."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే పాపని ముట్టుకోకూడదు గదా. ఆ మడి పెట్టిందీ నేనేనాయె."

ఆటో పిలిచాను. ఎక్కగానే పాపను ఆమె ఒళ్లో పెట్టి, "ఆసుపత్రి దాకా మీరే ఎత్తుకోండి" అన్నాను.