నూటికి నలభై అయిదు

“లోపలికి పోసినదాంట్లో మనకు దక్కే మెటల్ ఎంత? ఆటమ్ ఎకానమీ అంటే అంతే” అంటూ ఆశా బోర్డు వైపు తిరిగింది. చాక్‌పీసు గట్టిగా అదిమి రాసింది.

వై.ఎన్.హొసకోటలోని ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టుకు ఆమె ఇస్తున్న డెమో క్లాసు అది. ఎమ్మెస్సీ చదివి రెండేళ్లయినా, వల్లూరు దగ్గర సోలార్ ప్యానెళ్లు కడిగే పని తప్ప ఇంకేదీ దొరకలేదు. ఈరోజు ఆమె బదులు తల్లి మారెమ్మ మోకాళ్ల నొప్పులతోనే పనికి వెళ్లింది. “నువ్వు పోయి ఉద్యోగం తెచ్చుకో. బకెట్టు నేను మోస్తాలే” అన్నది.

వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కేశవమూర్తి. ముందు బెంచీలో ఒకమ్మాయి తలెత్తకుండా నోట్సు రాసుకుంటోంది. శనివారం కాబట్టి ఎవరికీ యూనిఫారం లేదు.

“ప్యానెల్ ఫ్రేము అల్యూమినియమే. దాని ముడిసరుకు అల్యూమినా రెండువందల నాలుగు గ్రాములు, బొగ్గు ముప్పయ్యారు. మొత్తం రెండువందల నలభై పోస్తే, వచ్చే మెటల్ నూటఎనిమిది. అంటే నలభై అయిదు శాతం.”

“బొగ్గు కూడా కలపాలా అక్కా?” అడిగింది ఆ అమ్మాయి.

“కలపాల. రియాక్షన్‌లోకి పోయిందంతా లెక్కకు రావాల. తక్కినదంతా గ్యాసై పోతాది.”

“ఇంకొకసారి నిదానంగా చెప్పమ్మా” అన్నాడు కేశవమూర్తి.

ఆశా మొదటినుంచి చెప్పింది. ఆయన మూడోసారీ చెప్పించుకున్నాడు. నచ్చకపోతే ఇన్నిసార్లు ఎందుకు అడుగుతాడనుకుంది. ఆమె గుండె కుదుటపడింది.

“బాగా చెప్పినావమ్మా. నీ నోట్సు ఈడ పెట్టిపో, కమిటీకి చూపిస్తా. ఫోన్ చేస్తాం.”

రెండు వారాలు కూర్చుని రాసుకున్న నోట్సు మొత్తం ఇచ్చేసింది. వరండాలోకి వచ్చి తల్లికి ఫోన్ చేసింది. “వచ్చేటట్టే ఉండాదమ్మా. ఇంక నువ్వు బకెట్టు ముట్టాకు.”

ఫోన్ పెట్టేసరికి ఆ అమ్మాయి వెనకే వచ్చి నిలబడి ఉంది.

“అక్కా, ఇనుముకూ ఇదే లెక్కనా?”

“ఇదే. రియాక్షన్ మారుతాది, అంతే. దగ్గర దగ్గర నలభై ఆరు వస్తాది. నీ పేరేంది?”

“సింధుశ్రీ.”

“ఇంత శ్రద్ధగా రాసుకున్నావు సింధూ, పరీక్షకు భయపడాకు.”

సింధుశ్రీ నోట్సు మూసింది. ఆశా ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

“ఈ పోస్టుకు పోయిన వారమే నన్ను తీసుకున్నారక్కా.”