గారెల నూనె

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ముసలితనంలో నేర్చిన అక్షరాలు, నెమ్మదిగా వస్తాయి.

దేశాల పొగను పోల్చడం మొదలయ్యాక మా కొండ ఊరికి ఇండోనేషియాలో ఒక ఊరిని జత కట్టారు. అడవి కొట్టి, నేల మార్చి ఎవరు తక్కువ పొగ విడిస్తే ఆ వేసవికి వారికే చల్లగది. ఊరంతా పట్టే గది అది. మేము పోడు మానేసి కొనుక్కు తింటున్నాం. ఈసారీ మేమే గెలిచాం.

ఆ సాయంత్రం గారెలు వేస్తుంటే ఆ జత ఊరి సుమియాతి గోడ తెర మీదికి వచ్చింది. ఆమె మాటలను తెర మా యాసలోకి మార్చి చెబుతుంది.

“ఏటి వండుతున్నావు వదినా? గెలిచినోళ్ళ వాసన ఇక్కడిదాకా వస్తంది!”

“గారెలే. మీ అత్త ఎలాగుంది?”

“వడదెబ్బకి మాట పడిపోనాది. పామాయిల్ తోటకని మా అడవి కొట్టేసినారు కదా, చల్లగది మాకెలాగొస్తాది?”

నా చేతిలో నూనె ప్యాకెట్టు ఉంది. దాని మీది చిన్న అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆమె ఊరి పేరే.

సర్పంచి దగ్గరికి వెళ్ళి, “ఆ పొగ మనది బాబూ, మన పేరునే రాయించు” అన్నాను.

“ఊరుకో పిన్నీ. నెలలు నిండిన నీ కోడల్ని ఈ ఎండలో పడుకోబెడతావేటి?” అన్నాడు.

ఊరుకున్నాను. గారెలు అందరికీ పంచాను, నేనూ తిన్నాను. నిన్న సుమియాతి అత్త పోయింది.

పోల్చే అయ్యలారా, ఆ పొగ మా ఊరి పేరున రాయండి. ఈ ఉత్తరం సంగతి కోడలికి ఇంకా చెప్పలేదు.

వంతల సోములమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ప్రస్తుతం ఉంటున్నది చల్లగదిలో.