కళ్ళు మూసే షాట్

ఆ పెద్దాయన ఈసారి కూడా కళ్ళు మూయలేదు.

"కట్!" అని అరిచి, డైరెక్టర్ అనిరుధ్ పక్కనున్న కుర్చీని కాలితో తన్నాడు.

రేపల్లె బజారుకు అడ్డంగా తాళ్ళు కట్టి షూటింగ్ చేస్తున్నారు. పట్టపగలు ఒక మనిషిని వేటకత్తితో నరికే సీను. వేటు పడగానే చుట్టూ నిలబడ్డ జనం కళ్ళు గట్టిగా మూసుకోవాలి. కెమెరా చంపేవాడిని చూపించదు, చచ్చేవాడినీ చూపించదు. మూసుకున్న ఆ కళ్ళ మీదుగా మెల్లగా జరిగిపోతుంది. నరికిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

అది అనిరుధ్ ముద్ర. అతని సినిమాలన్నిట్లోనూ ఉంది. సినిమాల్లోకి రాకముందు తీసిన ఆల్బం పాటల్లోనూ ఉంది. ప్రేమపాటైనా సరే, మధ్యలో ఎవరో ఎవరినో చావగొడతారు. చూసేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు.

"ఈ స్టయిల్ ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని టీవీవాళ్ళు అడిగితే ఒకటే జవాబు చెప్పేవాడు.

"రేపల్లె బజార్లో."

అతని తండ్రి వెంకట సుబ్బయ్య మాస్టారు. వేలంలో సారా దుకాణాలు పాడుకున్న పాటదారు మీద కలెక్టరుకు ఫిర్యాదు చేశాడని ఆ బజార్లోనే నరికి చంపారు. బజారు నిండా జనం. పోలీసులు వచ్చి అడిగితే, "మేం చూళ్ళేదండి" అన్నారు. అప్పటికి అనిరుధ్ ఆరేళ్ళవాడు. తల్లి కనకదుర్గ ఆ వారంలోనే వాణ్ణి వెంటబెట్టుకుని బాపట్లలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో రేపల్లె పేరు ఎవరూ ఎత్తలేదు. కేసు ఏమైందని కూడా ఎవరూ అడగలేదు.

ఇన్నేళ్ళకు అనిరుధ్ అదే బజారుకు కెమెరా పట్టుకొచ్చాడు. జనాన్ని కూడా అక్కడివాళ్ళనే ఎంచుకోమన్నాడు. ఆ మొహాలను అలా కళ్ళు మూసుకుని ఉండగా లోకానికంతటికీ చూపించాలని అతని కసి.

విసవిసా పెద్దాయన దగ్గరికి నడిచాడు.

"ఏంటి పెద్దాయనా, చెవుడా నీకు? కత్తి పడగానే కళ్ళు మూయమంటున్నాగా!"

"మూద్దామనే అనుకున్నా బాబూ. కళ్ళెదురుగా మనిషిని నరుకుతుంటే ఎట్లా మూసుకోనండి?"

జనం గొల్లుమన్నారు. అనిరుధ్ మొహం ఎర్రబడింది.

"ఎవరు నువ్వు?"

"సైదావలండి. నిజాంపట్నంలో తాళాలు బాగుచేసుకుంటా. మీరొచ్చారని తెలిసి చూసిపోదామని వచ్చా. మీవాళ్ళే ఇక్కడ నిలబెట్టారు. బాబూ, మీ నాన్నగారు..."

చెంప ఛెళ్ళుమంది.

"ఇక్కడ మా నాన్న పేరెత్తే హక్కు ఎవడికీ లేదు!"

పెద్దాయన తూలి నిలదొక్కుకున్నాడు. పెదవి చిట్లింది.

"ఇంకెవరినైనా పెడదాం సార్," అన్నాడు అసిస్టెంటు.

"వద్దు. ఈయనే మూయాలి."

అనిరుధ్ ఫైటర్ దావీదును పిలిచాడు.

"చెక్క కత్తి పడెయ్. ఇనప కత్తి తీసుకుని సరిగ్గా ఈయన మొహం ముందు విసురు. ఎట్లా మూయడో చూస్తా."

"వద్దు సార్. నేలంతా నెత్తురని పోసిన రంగునీళ్ళు. కాలు జారిందంటే..."

"చెప్పింది చెయ్యి. యాక్షన్!"

దావీదు కేకవేస్తూ పరుగెత్తుకొచ్చాడు. కత్తి పైకి లేచింది. ఎండలో తళుక్కుమంది.

కాలు జారింది.

కత్తి సైదావలి మెడ మీద దిగింది.

ఎవరూ చెప్పకుండానే బజారంతా కళ్ళు మూసుకుంది. అనిరుధ్ కూడా మూసుకున్నాడు.

తెరిచేసరికి సైదావలి మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. మెడను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్ముతోంది. దావీదు కత్తి విసిరేసి తల బాదుకుంటున్నాడు.

పెద్దాయన చూపు మాత్రం అనిరుధ్ మీదే ఉంది.

కారులో వేసుకుని తెనాలి వైపు పరుగెత్తించారు. అనిరుధ్ అతని తలను ఒళ్ళో పెట్టుకుని గాయానికి తువ్వాలు అదిమి పట్టాడు. తువ్వాలు తడిసింది. చొక్కా తడిసింది. సీటు తడిసింది. వేమూరు దాటకముందే ఒళ్ళోని తల బరువెక్కింది.

తెనాలి ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రానికి భార్య నూర్ బీ వచ్చింది. ఏడవలేదు. కొంగు తడిపి ముందు భర్త మొహం తుడిచింది. పెదవి మీది రక్తం తుడిచింది.

అనిరుధ్ ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

"నేనే చంపానమ్మా. ఆ దావీదు తప్పేం లేదు. పోలీసులకు కూడా అదే చెప్పాను."

ఆమె వంగి అతని మొహంలోకి చూసింది.

"సుబ్బయ్య మాస్టారి అబ్బాయివి నువ్వేనా?"

"అవునమ్మా."

"మాస్టారి అబ్బాయి వచ్చాడంట, ఎంతవాడయ్యాడో చూసొస్తానని, టీ పెడుతున్నా ఆగకుండా బస్సెక్కాడు."

"మా నాన్న ఆయనకు స్నేహితుడా?"

"లేదు బాబూ. ఎప్పుడూ మాట్లాడుకున్నది కూడా లేదు. అప్పట్లో మా దుకాణం రేపల్లె బజార్లో ఉండేది. దాన్ని తగలబెట్టారు. ఈయన్ని వారం పాటు మంచం మీంచి లేవనీయకుండా కొట్టారు. పిల్లల్ని కూడా చంపుతామంటే నిజాంపట్నం పోయి తలదాచుకున్నాం."

"ఎవరమ్మా? ఎందుకు?"

నూర్ బీ దుప్పటి భర్త గడ్డం దాకా లాగి, చెయ్యి అక్కడే ఉంచింది.

"మాస్టార్ని నరుకుతుంటే నా కళ్ళతో చూశానని కోర్టుకెళ్ళి చెప్పింది ఈయనొక్కడే బాబూ."