మలుపు దగ్గర కేక

"మలుపులో కేకెయ్యకుండా పడవ తిప్పుతావురా గాడిదా? ఎదురుగా ఇంకోటొస్తే గుద్ది చస్తావు!" తెల్లవారుజాము చీకట్లో కిటికీ తెరిచి తిట్టింది ఓర్సోలా.

కింద కాలువలో పడవ ఆగింది. అందులోని యాత్రికులు చప్పట్లు కొట్టారు.

తెడ్డు పట్టుకున్నది ఆమె తమ్ముడు ఆల్వీసె. ఈ తెల్లవారుజామన్నా యాత్రికుల్లేకుండా మన వెనిస్‌వాళ్ళకి మిగల్చండని నిన్న సభలో ఆమె పక్కన నిలబడి గొంతు చించుకున్నవాడు.

"నువ్వట్రా! కేకెయ్యడం మర్చిపోయావా?"

ఒక యాత్రికురాలు నవ్వింది. "మర్చిపోలేదమ్మా. కేకెయ్యకపోతే నువ్వొచ్చి తిడతావని ముందే చెప్పాడు. అసలు సిసలు వెనిస్ మనిషిని చూపిస్తానన్నాడు."

"అక్కా, ఇంకొక్కసారి తిట్టవే," అన్నాడు ఆల్వీసె మెల్లగా. "వెనకవాళ్ళకి వినపళ్ళేదంట."

నోటిదాకా వచ్చిన తిట్టుని ఓర్సోలా మింగేసింది. ఇప్పుడేమన్నా అది వాడు అమ్ముకునే సరుకే.